రెండు మూడు లెన్సులు చాలు: ఎంచుకోవడం ఎలా?

కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్సుతో ఏడాదో రెండేళ్లో గడిపాక దాదాపు అందరికీ ఒకే ఆలోచన వస్తుంది: ఇక మంచి లెన్సు కొనాలి. ఏది మంచిదని నలుగురిని అడిగితే నాలుగు పేర్లు చెబుతారు, నలుగురూ నిజమే చెబుతారు. చిక్కంతా అక్కడే ఉంది. తమ ఫొటోలకు ఏది కుదిరిందో వాళ్లకు తెలుసు. మీ ఫొటోల్లో ఏది తక్కువైందో తెలియదు.

కొన్నేళ్ల క్రితం మా బాబాయి కూతురి పెళ్లి జరిగింది. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. తలంబ్రాల వేళ నేను తీసిన నలభై ఫొటోల్లో ఒక్కటీ నిలకడగా రాలేదు. బియ్యం తెల్ల గీతలుగా, చేతులు పొగలా పడ్డాయి. పెళ్లి ఫొటోగ్రాఫర్ చేతిలో పెద్ద లెన్సు చూశాను. తేడా అంతా ఆ పొడవులోనే ఉందనుకుని డబ్బు కూడబెట్టి 70-300 కొన్నాను. మరుసటి మాఘంలో ఇంకో పెళ్లి, మళ్లీ అవే చెదిరిన ఫొటోలు. నాకు చాలనిది వెలుతురు. నేను కొన్నది దూరాన్ని దగ్గర చేసే లెన్సు. అప్పటినుంచి ఎవరు సలహా అడిగినా ముందు ఒకటే అడుగుతున్నాను: మీకు ఉన్న లోటు ఏమిటి? దానికి ఒక పేరు పెట్టగలిగితే లెన్సు ఎంచుకోవడం సగం పూర్తయినట్టే.

కింద చెప్పే లెక్కలన్నీ క్రాప్ సెన్సర్ కెమెరాలకు, అంటే ఫొటో పడే సెన్సర్ పాత ఫిల్మ్ ఫ్రేము కన్నా చిన్నగా ఉండే ఎపిఎస్-సి రకానికి. అభిరుచితో ఫొటోలు తీసేవారిలో చాలామంది దగ్గర ఉండేది అదే.

మొదటి అడుగు: పాత ఫొటోలను లెక్కపెట్టండి

ఒక ఆదివారం మధ్యాహ్నం దీనికి కేటాయించండి. ఇప్పటిదాకా తీసిన వాటిలో మీకు బాగా నచ్చిన వంద ఫొటోలు ఏరండి. ఒక్కోదాన్ని ఏ ఫోకల్ లెంగ్త్ దగ్గర (అంటే 18, 35, 55 వంటి ఎంఎం సంఖ్య; అది పెరిగేకొద్దీ దూరంలోనిది దగ్గరగా కనిపిస్తుంది) తీశారో కాగితం మీద రాసుకోండి. కంప్యూటర్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్‌కు వెళ్తే ఆ సంఖ్య, అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం), షట్టర్ స్పీడ్ (సెన్సర్ మీద వెలుతురు పడే సమయం), ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) అన్నీ కనిపిస్తాయి. వందలో అరవై 18 దగ్గర ఉన్నాయా, 55 దగ్గర ఉన్నాయా, నడుమ 30-35 చుట్టూ ఉన్నాయా అన్నది అరగంటలో తేలిపోతుంది. మన కన్ను దేనికి అలవాటు పడిందో మన నోటిమాట కన్నా ఈ కాగితం నిజాయితీగా చెబుతుంది.

తర్వాత ఇంకో కట్ట ఏరండి. ఇది మొదటిదానికన్నా ముఖ్యం. బాగా రావాల్సిన సందర్భంలో పాడైపోయి, అయినా తొలగించడానికి మనసొప్పక దాచుకున్న ఫొటోలు ప్రతి ఒక్కరి దగ్గరా ఉంటాయి. అలాంటివి ఓ ముప్పై చాలు. వాటిని మూడు కుప్పలు చేయండి: చెదిరిపోయినవి, అనుకున్నది మరీ చిన్నగా పడినవి, అనుకున్నదంతా ఫ్రేములో పట్టనివి. చెదిరిన కుప్ప పెద్దదైతే మీకు కావలసింది పెద్ద అపర్చర్ ఉన్న లెన్సు. చిన్నగా పడిన కుప్ప పెద్దదైతే టెలిఫొటో, అంటే దూరాన్ని దగ్గర చేసే లెన్సు. పట్టని కుప్ప పెద్దదైతే ఎక్కువ దృశ్యం పట్టే వైడ్ లెన్సు కావచ్చు. దాని గురించి తొందరపడవద్దు, కింద చెబుతాను.

ఇక్కడ ఒక జాగ్రత్త. చెదిరిన ఫొటోల్లో ఐఎస్ఓ ఎంత ఉందో చూడండి. 400 దగ్గరే ఆగిపోయి ఉంటే తప్పు లెన్సుది కాకపోవచ్చు. ఈ పదేళ్లలో వచ్చిన కెమెరాలు 3200 దాకా హాయిగా పనిచేస్తాయి. కాస్త గరుకుగా కనిపించే ఫొటోను ఇంట్లో అందరూ ఇష్టంగా చూస్తారు, చెదిరిన ఫొటోను ఎవరూ చూడరు. ఐఎస్ఓ పెంచి, షట్టర్‌ను 1/125 సెకను దగ్గర ఉంచి ఒక నెల తీసి చూడండి. అప్పటికీ లోటు మిగిలితేనే అది లెన్సు లోటు.

రెండో అడుగు: లెన్సు మీద ఉన్న సంఖ్యలు చదవడం

కిట్ లెన్సు అంచు మీద 18-55, ఎఫ్/3.5-5.6 అని ఉంటుంది. 18 దగ్గర అపర్చర్ 3.5 దాకా తెరుచుకుంటుంది, 55కు జరిపేసరికి 5.6కు కుంచించుకుపోతుంది అని దాని అర్థం. ఈ సంఖ్య ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు వస్తుంది. పైగా తేడా ఊహించినదానికన్నా చాలా పెద్దది, ఎందుకంటే వెలుతురు ఈ సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది. 5.6ను, పెద్ద అపర్చర్ లెన్సుల్లో ఉండే 1.8తో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించండి. దాదాపు పది వస్తుంది. 5.6 దగ్గర సెకనులో 15వ వంతు పట్టే ఫొటో, 1.8 దగ్గర 150వ వంతులో వచ్చేస్తుంది. తలంబ్రాల బియ్యం గీతలుగా పడకుండా గింజలుగా కనిపించడం మొదలయ్యేది ఈ వేగంలోనే.

లెన్సులో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఉంది కదా, అది చాలదా అని అడుగుతారు. అది సరిచేసేది మీ చేతిని మాత్రమే. ఎదుటివారి చేతిని కాదు. గుడి మండపంలో రాతి స్తంభానికి అది బాగా పనిచేస్తుంది, ఆడుకునే పిల్లలకు ఏమీ చేయదు.

ఇక ఫోకల్ లెంగ్త్. క్రాప్ సెన్సర్ మీద ఏ లెన్సు అయినా కాస్త దగ్గరగా చూపిస్తుంది. నికాన్, సోనీ, ఫ్యూజీఫిల్మ్ కెమెరాల్లో 1.5 రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు. ఫిల్మ్ రోజుల నుంచి "50 లెన్సే మనిషి చూపుకు దగ్గర" అన్న మాట ప్రచారంలో ఉంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెస్సన్ తన లైకా కెమెరాతో ఎక్కువగా వాడింది 50 ఎంఎం లెన్సునే. అయితే అది ఫుల్ ఫ్రేమ్ మీద, అంటే ఫిల్మ్ ఫ్రేమంత సైజు మీద, 50. క్రాప్ కెమెరాలో అదే చూపు కావాలంటే 35 ఎంఎం కొనాలి. ఈ ఒక్క లెక్క తెలియక 50 కొని, ఇంట్లో వెనక్కి జరగడానికి చోటు లేక దాన్ని బీరువాలో పెట్టేసినవాళ్లు నాకు తెలుసు.

మూడో అడుగు: మొదటి లెన్సుగా ఒక ప్రైమ్

జూమ్ లేకుండా ఒకే ఫోకల్ లెంగ్త్ ఉండేది ప్రైమ్ లెన్సు. కిట్ లెన్సు తర్వాత మొదట కొనాల్సింది ఎఫ్/1.8 ప్రైమ్ అన్నది నా గట్టి అభిప్రాయం. మొదటి అడుగులో మీ కాగితం పూర్తిగా వేరే దారి చూపిస్తే తప్ప దీన్ని మార్చుకోవద్దు. అది తేలిక. కెనాన్ 2015లో తెచ్చిన 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎమ్ బరువు 160 గ్రాములే. నికాన్ క్రాప్ కెమెరాలకు 2009లో వచ్చిన 35 ఎంఎం ఎఫ్/1.8 బరువు 200 గ్రాములు. ఆయా కంపెనీల లెన్సుల్లో ఇవి బాగా చౌకైనవి కూడా.

మరి 35 కొనాలా, 50 కొనాలా? డబ్బు పెట్టకుండానే తేల్చుకోవచ్చు. కిట్ లెన్సును 35 దగ్గర ఉంచి జూమ్ రింగ్ కదలకుండా చిన్న టేపు అంటించండి. వారం రోజులు అలాగే తీయండి. తర్వాతి వారం 50 దగ్గర. ఏ వారంలో టేపు పీకేయాలని ఎక్కువసార్లు అనిపించిందో ఆ సంఖ్య మీది కాదు.

కొలత కావాలంటే ఇదిగో. పది అడుగుల దూరంలో నిలబడిన మనిషిని కెమెరా నిలువుగా పట్టుకుని తీస్తే, 35 ఎంఎంలో సుమారు రెండు మీటర్ల ఎత్తు పడుతుంది. తల నుంచి పాదాల దాకా మనిషి మొత్తం వస్తారు. అదే దూరంలో 50 ఎంఎంలో పట్టేది 1.4 మీటర్లే, అంటే ఇంచుమించు మోకాళ్ల పైకి. మన ఇళ్లలో గది పొడవు పది పన్నెండు అడుగులకు మించదు. ఇంట్లో పిల్లలు, పండగలు, వంటింట్లో అమ్మ, ఇవే మీ ఫొటోలైతే 35 తీసుకోండి. ఆరుబయట ఒక్కొక్కరి ముఖాలు తీయడం ఇష్టమైతే 50. వెనుక నేపథ్యం మెత్తగా కరిగిపోయి ముఖం ఒక్కటే నిలిచే అందం 50లో ఇంకాస్త ఎక్కువ.

ఆ మెత్తదనంతో ఒక చిక్కు కూడా వస్తుంది. 50 ఎంఎం లెన్సుతో ఎఫ్/1.8 దగ్గర, రెండు మీటర్ల దూరంలో, స్పష్టంగా ఉండే లోతు దాదాపు 11 సెంటీమీటర్లే. కళ్లు స్పష్టంగా ఉంటే చెవులు మసకబారడం మొదలవుతుంది. వధూవరుల్లో ఒకరు అరడుగు వెనక ఉంటే వారు మసకలోకి వెళ్లిపోతారు. ఒక్కరే ఉన్నప్పుడు 1.8 లేదా 2.2, ఇద్దరుంటే 4, వరుసగా నిలబడిన కుటుంబమంతా ఉంటే 5.6 అని మొదట్లో గుర్తుపెట్టుకోండి. అనుభవం పెరిగాక మీ లెక్క మీరే వేసుకుంటారు.

నాలుగో అడుగు: దూరం నిజంగా కావాలా?

టెలిఫొటోల్లో తొలి మెట్టు 55-250 లేదా 70-300 జూమ్. పక్షుల కోసమే కొంటున్నట్టయితే ముందు ఏ పక్షులు, ఎక్కడ అన్నది చూసుకోండి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో ఊరి చెరువుల్లోని చెట్ల మీదే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. గట్టు మీద నుంచే చూడవచ్చు. ముప్పై మీటర్ల దూరంలో ఉన్న గూడబాతు 250 ఎంఎంలో ఫ్రేము వెడల్పులో దాదాపు సగం ఆక్రమిస్తుంది. మంచి ఫొటో వస్తుంది. పులికాట్ సరస్సులో రాజహంసల సంగతి వేరు. రెండు వందల మీటర్ల అవతల నీళ్లలో నిలబడిన పక్షి 300 ఎంఎంలో కూడా ఫ్రేము ఎత్తులో ఎనిమిదో వంతే ఉంటుంది. అక్కడ ఈ లెన్సుతో ఒక్క పక్షి కోసం తపించకుండా గుంపునూ నీటినీ ఆకాశాన్నీ కలిపి తీయండి. అది తక్కువ ఫొటో ఏమీ కాదు.

ఈ జూమ్‌లు చివరన 5.6 లేదా 6.3కు పడిపోతాయి. చెట్టు మీద కూర్చున్న పక్షికి 1/500, ఎగిరేదానికి 1/1600 షట్టర్ కావాలి. అంటే ఎండ బాగా రావాలి, లేదా ఐఎస్ఓ బాగా పెంచాలి. తెల్లవారుజామున మంచులో నేను ఎన్నోసార్లు నిరాశపడ్డాను. సూర్యుడు చెట్ల పైకి వచ్చాకే ఈ లెన్సుకు ప్రాణం వస్తుంది.

పక్షులు లేకపోయినా టెలిఫొటో విలువైనదే. దాన్ని నేను ఎక్కువగా మెచ్చుకునేది గుళ్లలో. రామప్ప గుడికి వెళ్లినవారు వైడ్ లెన్సుతో గుడి మొత్తాన్ని తీసుకుని తిరిగి వస్తారు. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికలను, అంటే స్త్రీ శిల్పాలను, కిందినుంచి వైడ్‌లో తీస్తే పాదాలు పెద్దవిగా, తలలు చిన్నవిగా వస్తాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి 120 లేదా 150 ఎంఎం దగ్గర తీయండి. శిల్పి చెక్కిన కొలతలు అలాగే నిలుస్తాయి. 1213 నాటి శాసనం ఉన్న ఆ గుడిలో నల్లరాతి నునుపు మీద సాయంత్రపు వెలుగు జారడాన్ని మొదటిసారి ఫొటోలో పట్టుకోగలిగింది నేను తొందరపడి కొన్న ఆ 70-300తోనే. కొన్న కారణం తప్పైనా లెన్సు మంచిదే. ఇంకో మాట: పురావస్తు శాఖ పరిరక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి. అందుకే చేతిలో పట్టుకుని తీయగలిగే బరువు ముఖ్యం.

ఐదో అడుగు: కిట్ లెన్సును మార్చాలా?

చాలామందికి అక్కర్లేదు. పగటి వెలుతురులో ఎఫ్/8 దగ్గర కిట్ లెన్సు తీసిన ఫొటోను, ఖరీదైన లెన్సు తీసినదాన్ని గోడకు తగిలించే సైజులో అచ్చువేసినా తేడా పట్టుకోవడం కష్టం. ప్రైమ్ కొన్నాక కూడా పెళ్లిళ్లలో, స్టేజీ కార్యక్రమాల్లో అస్తమానం లెన్సులు మార్చాల్సి వస్తుంటే మాత్రం, మొత్తం జూమ్‌లో ఎఫ్/2.8 నిలిపే 17-50 రకం చూడండి. 5.6తో పోలిస్తే నాలుగు రెట్ల వెలుతురు. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాలకు సిగ్మా, టామ్రాన్ చేసినవి పాతవి బాగానే దొరుకుతాయి. అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాలకు సిగ్మా 2021లో తెచ్చిన 18-50 ఎఫ్/2.8 మూడు వందల గ్రాములు కూడా లేదు.

18-200, 18-300 వంటి ఒకే లెన్సు అన్నిటికీ అన్న జూమ్‌లను చిన్నచూపు చూసేవారున్నారు. నేను వారితో ఏకీభవించను. చంటిపిల్లలతో ప్రయాణం చేసేవారికి, దుమ్ములో లెన్సు మార్చలేని జాతరలకు వెళ్లేవారికి అదే సరైన ఎంపిక. దానికి తోడు ఒక 35 ప్రైమ్ ఉంటే చాలా ఏళ్లు గడిచిపోతాయి.

ఆరో అడుగు: ఆగాల్సిన చోట ఆగడం

అల్ట్రా వైడ్ లెన్సు అందరినీ ఊరిస్తుంది. గండికోట లోయను చూడగానే 18 చాలదనిపిస్తుంది. కానీ 10 ఎంఎంలో ఆ లోయ తీస్తే ఎర్రటి కొండలు సన్నటి గీతలా దూరమైపోతాయి, ముందున్న ఖాళీ రాయి ఫ్రేమునంతా ఆక్రమిస్తుంది. వైడ్ లెన్సుకు ముందు భాగంలో బలమైన వస్తువు కావాలి. అలాంటి కూర్పు మీకు అలవాటయ్యేదాకా, 18 దగ్గర నాలుగైదు ఫొటోలు పక్కపక్కనే తీసి కంప్యూటర్‌లో అతికించి పనోరమా చేసుకోండి.

పువ్వులు, పురుగులు దగ్గరగా తీయాలంటే మాక్రో లెన్సుకన్నా ముందు ఎక్స్‌టెన్షన్ ట్యూబు ప్రయత్నించండి. ఇది గాజు లేని ఖాళీ గొట్టం. 50 ఎంఎం లెన్సుకూ కెమెరాకూ మధ్య 25 ఎంఎం గొట్టం పెడితే, లెన్సు దూరానికి ఫోకస్ చేసి ఉన్నా వస్తువు సెన్సర్ మీద అసలు సైజులో సగం పడుతుంది. ఆటో ఫోకస్ పనిచేసే మెటల్ కాంటాక్టులు ఉన్నదే తీసుకోండి.

మనసు మరీ లాగితే అద్దెకు తెచ్చుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో గుర్తింపు పత్రం, డిపాజిట్ తీసుకుని లెన్సులు రోజు అద్దెకు ఇస్తారు. రెండు రోజులు చేతిలో ఉంటే దాని బరువు తెలుస్తుంది, అది మీకు అవసరమా అన్నదీ తెలుస్తుంది.

ఏడో అడుగు: కొనేటప్పుడు

ముందు మౌంట్, అంటే కెమెరాకు లెన్సు బిగించే అమరిక, సరిచూసుకోండి. నికాన్ డి3500, డి5600 వంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డి లెన్సు పెడితే చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే. కాబట్టి లెన్సులోనే మోటారు ఉండే ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పి చూసి తీసుకోండి. కెనాన్‌లో క్రాప్ కెమెరాల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌లకు పట్టవు. కెనాన్, నికాన్ మిర్రర్‌లెస్‌లకు పాత లెన్సులు పెట్టాలంటే అడాప్టర్ కావాలి, దాని ధర కూడా బడ్జెట్‌లో వేసుకోండి. "ఎప్పుడో ఫుల్ ఫ్రేమ్ కొంటాను కదా" అని ఇప్పుడే దానికి తగ్గ బరువైన లెన్సు కొనకండి. ఇవాళ చేతిలో ఉన్న కెమెరాకు కొనండి.

వాడిన లెన్సు కొనడం తెలివైన పనే, పరీక్షించడం తెలిస్తే. మీ కెమెరా వెంట తీసుకెళ్లండి. లెన్సు వెనకనుంచి ఫోను టార్చి వేసి ముందునుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్. ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు. నాలుగు దుమ్ము కణాలు ఉంటే కంగారు పడనక్కర్లేదు. అపర్చర్ రెక్కల మీద నూనె తడి ఉండకూడదు. తర్వాత ఒక దినపత్రిక పేజీని గోడకు అతికించి, కెమెరాను దానికి ఎదురుగా నిటారుగా పట్టుకుని, అపర్చర్ పూర్తిగా తెరిచి తీయండి. నాలుగు మూలలూ ఒకేలా కాస్త మెత్తబడితే అది సహజం. ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసకగా ఉంటే లోపల గాజు పక్కకు జరిగిందన్నమాట, తిరిగి ఇచ్చేయండి. చివరగా దగ్గరా దూరమూ మారుస్తూ ఇరవై సార్లు ఫోకస్ చేసి చూడండి. మోటారు తడబడితే, గరగర శబ్దం వస్తే వద్దు. బిల్లు మీది సీరియల్ నంబరు లెన్సు మీదిదేనా అని చూడటం మరవకండి.

కొన్నాక లెన్సును తోలు సంచిలో, బట్టల బీరువాలో పెట్టకండి. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం గాలిలో ఫంగస్ పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి, సిలికా జెల్, లోపల తేమ చూపే చిన్న మీటరు కొనండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. వారానికి ఒకసారి తీసి వాడుతూ ఉంటే ఇంకా మంచిది. జూన్‌లో తొలకరికి ముందే సిలికా జెల్ మార్చి, లెన్సులన్నిటికీ ఒకసారి టార్చి వేసి చూసుకుని డబ్బా మూయండి.